ఫంక్షనుకు హద్దు దాటిన విలువ ఇస్తే?

కర్నూలు జిల్లా పడమటి వైపున ఉన్న ఆదోని పత్తికి పేరు పడ్డ ఊరు. చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో పండిన పత్తి అక్కడి మార్కెట్ యార్డుకు వస్తుంది. అక్కడినుంచి జిన్నింగు మిల్లులకు వెళుతుంది. జిన్నింగు యంత్రం చేసే పని ఒక్కటే. గింజతో ఉన్న పత్తిని వేస్తే దూదిని ఒకవైపుకు, గింజలను ఒకవైపుకు వేరుచేస్తుంది. నూరు కిలోల పత్తి వేస్తే సుమారు మూడో వంతు దూది వస్తుంది. మిగిలినదానిలో ఎక్కువ భాగం గింజలే.

ఇప్పుడొక ప్రశ్న. ఆ యంత్రంలో వేయకూడనిది వేస్తే ఏమవుతుంది? బాగా తడిసిన పత్తి వేశారనుకోండి. యంత్రం తిరుగుతూనే ఉంటుంది గాని గింజ సరిగా విడదు, దూది ముద్దలు కడుతుంది. పత్తిలో కలిసి ఒక ఇనుపముక్క లోపలికి వెళ్ళిందనుకోండి. ఒకసారి అది గింజలతోపాటు ఊరికే కింద పడిపోవచ్చు. ఒకసారి లోపలి కత్తి విరగవచ్చు. ఇంకొకసారి నిప్పురవ్వ లేచి దూది అంటుకోవచ్చు. ఇనుపముక్క వేస్తే ఫలానాది జరుగుతుందని ఎవరూ ముందుగా చెప్పలేరు. యంత్రం చేసినవారు పత్తి వేస్తే ఏమి వస్తుందో చెప్పారు. ఇనుము సంగతి వారు చెప్పలేదు.

కంప్యూటరు ప్రోగ్రాముల్లోనూ ఇటువంటి స్థితి ఉంది. పుచ్చుకోకూడని విలువను పుచ్చుకున్న ప్రోగ్రాము భాగం ఏమి చేస్తుందో ఎక్కడా రాసిపెట్టి లేకపోతే, దాన్ని 'అనిర్వచిత ప్రవర్తన' అంటాం. అంటే నిర్వచనం లేని నడత. ఇది పుస్తకాల్లో మాత్రమే ఉండే సంగతి కాదు. 2018 ఫిబ్రవరిలో మన తెలుగు లిపికి చెందిన ఒక చిన్న గుర్తుల వరుస అనేక దేశాల్లో ఐఫోన్లను నిలిపివేసింది. అది ఎలా జరిగిందో తెలియాలంటే ముందు కొన్ని మెట్లు ఎక్కాలి.

ప్రమేయం, దాని ప్రదేశం

గణితంలో ప్రమేయం గురించి చదువుకుంటారు. ఒక విలువ ఇస్తే ఒకే ఒక విలువను తిరిగి ఇచ్చేది ప్రమేయం. ఏ విలువలను ఇవ్వవచ్చునో ఆ సమితిని ప్రదేశం అంటారు. వర్గమూలాన్ని తీసుకోండి. 25 ఇస్తే 5 వస్తుంది. 2 ఇస్తే సుమారు 1.414 వస్తుంది. −1 ఇస్తే? వాస్తవ సంఖ్యల్లో దానికి జవాబు లేదు. ఏ వాస్తవ సంఖ్యను దానితోనే గుణించినా రుణసంఖ్య రాదు గదా! కనుక వర్గమూల ప్రమేయానికి ప్రదేశం సున్న, ధనసంఖ్యలు మాత్రమే.

నల్లబల్లమీద లెక్క చేసేటప్పుడు −1 ఎదురైతే మనం ఆగిపోతాం. "ఇది నిర్వచితం కాదు" అని రాసి ఊరుకుంటాం. యంత్రానికి ఆ వెసులుబాటు లేదు. దానిలో విద్యుత్తు ప్రవహిస్తున్నంతసేపూ అది ఏదో ఒకటి చేయవలసిందే. గణితంలో 'జవాబు లేదు' అన్నచోట యంత్రంలో 'ఏదో జరుగుతుంది'. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

లైబ్రరీ ఫంక్షను అంటే ఏమిటి?

ప్రోగ్రాము రాసేవారు ప్రతి చిన్న పనినీ మొదటినుంచి రాసుకోరు. వర్గమూలం కట్టడం, పదం పొడవు లెక్కించడం, ఒకచోటి అక్షరాలను మరొకచోటికి నకలు చేయడం, తెరమీద అక్షరం గీయడం, ఇవన్నీ అందరికీ కావలసిన పనులు. వీటిని ఎవరో ఒకరు జాగ్రత్తగా రాసి ఒకచోట పెడతారు. ఆ కూర్పును లైబ్రరీ అంటారు. అందులోని ఒక్కొక్క పనిముట్టు ఒక్కొక్క ఫంక్షను. ఫంక్షనుకు మనం అందించే విలువను ఆర్గ్యుమెంటు అంటారు.

ప్రతి లైబ్రరీ ఫంక్షనుకూ ఒక ఒప్పందం ఉంటుంది. "నువ్వు ఇటువంటి ఆర్గ్యుమెంటు ఇవ్వు, నేను ఇటువంటి ఫలితం ఇస్తాను" అన్నది దాని సారాంశం. ఒప్పందంలో రెండు పక్షాలున్నాయని గమనించండి. ఫలితానికి ఫంక్షను బాధ్యురాలు. ఆర్గ్యుమెంటుకు పిలిచినవారు బాధ్యులు.

తప్పు విలువ వేరు, చెల్లని విలువ వేరు

ఈ రెంటినీ చాలామంది కలగలుపుతారు. ఆదోనికి దగ్గరలోనే ఎమ్మిగనూరు ఉంది. అది నేతపనికి పేరుపడ్డ ఊరు. మాచాని సోమప్పగారు 1938లో నేతకారుల సహకార సంఘాన్ని నెలకొల్పింది అక్కడే. నేతగాడు ఎర్ర నూలుకు బదులు పచ్చ నూలు వేశాడనుకోండి. మగ్గం చక్కగా నేస్తుంది. గుడ్డ గట్టిగానే ఉంటుంది గాని కోరిన రంగు కాదు. ఇది తప్పు విలువ, అయినా చెల్లే విలువ. మగ్గానికి దానితో ఇబ్బంది లేదు. నూలుకు బదులు ఇనుప తీగ వేశాడనుకోండి. అది చెల్లని విలువ. అప్పుడు చెడేది గుడ్డ ఒక్కటే కాదు, మగ్గమే చెడవచ్చు.

ప్రోగ్రాములో 25కు బదులు 36 పంపితే వర్గమూలం 6 వస్తుంది. మన జవాబు తప్పుతుంది గాని ఫంక్షను తన మాట నిలబెట్టుకుంది. −25 పంపితే ఒప్పందమే దాటినట్లు. ఈ వ్యాసమంతా ఈ రెండో రకం గురించే.

చెల్లని విలువకు మూడు రకాల జవాబులు

మొదటి రకం: ఫంక్షను అక్కడికక్కడే పని ఆపి, తప్పు జరిగిందని చెబుతుంది. పైథాన్ భాషలో గణిత లైబ్రరీని −1కి వర్గమూలం అడిగితే 'వాల్యూ ఎర్రర్' అని చూపి ఆగిపోతుంది. కాలిక్యులేటరు తెరమీద కనిపించే ఎర్రర్ గుర్తు కూడా ఇటువంటిదే.

రెండో రకం: ఒక ప్రత్యేకమైన గుర్తును జవాబుగా ఇస్తుంది. దశాంశ సంఖ్యలతో కంప్యూటరు ఎలా లెక్క చేయాలో 1985లో ఒక ప్రమాణం వచ్చింది. దాని ప్రకారం −1కి వర్గమూలం అడిగితే వచ్చేది 'నాన్'. 'సంఖ్య కాదు' అని దాని అర్థం. దీనికొక విచిత్రమైన గుణం ఉంది. అది తనతో తాను కూడా సమానం కాదు! నాన్ తో ఏ సంఖ్యను కూడినా, గుణించినా మళ్ళీ నాన్ వస్తుంది. నీటిలో పడ్డ సిరాచుక్కలా అది లెక్కంతా పాకిపోతుంది. చివర జవాబు చూసినవారికి ఎక్కడో పొరపాటు జరిగిందని తెలిసిపోతుంది.

మూడో రకం: ఏ హామీ లేదు. ఫంక్షను ఆగవచ్చు, ఆగకపోవచ్చు. చెత్త జవాబు ఇవ్వవచ్చు. సరైన జవాబు వచ్చినట్లే కనిపించి, పక్కనున్న మరొక సమాచారం పాడుకావచ్చు. ఇవాళ ఒకటి, రేపు మరొకటి కావచ్చు. ఇదే అనిర్వచిత ప్రవర్తన.

మొదటి రెండు రకాల్లో తప్పు బయటపడుతుంది. మూడో రకంలో తప్పు దాక్కుంటుంది. అయితే తప్పు బయటపడటం ఒక్కటే చాలదు. 1996 జూన్ 4న యూరపు వారి ఏరియన్ 5 రాకెట్టు మొదటి ప్రయోగంలో ఒక పెద్ద సంఖ్యను 16 బిట్ల స్థలంలోకి మార్చబోయారు. ఆ స్థలంలో పట్టే గరిష్ఠ సంఖ్య 32,767. ఇచ్చిన సంఖ్య అంతకంటె పెద్దది. కంప్యూటరు తప్పును పట్టుకుంది. కాని పట్టుకున్న తర్వాత ఏమి చేయాలో ప్రోగ్రాములో రాసిలేదు. దిశను చెప్పే యంత్రభాగం పని మానేసింది. ఇంజను మండటం మొదలైన సుమారు 37 సెకండ్లకు రాకెట్టు దారి తప్పి, కొద్ది క్షణాల్లో పేలిపోయింది. కనుక "తప్పును ఎలా గుర్తించాలి?" అనే ప్రశ్న వెంటనే "గుర్తించి ఏమి చేయాలి?" అనే ప్రశ్న కూడా వేసుకోవాలి.

హామీ ఎందుకు ఇవ్వలేదు?

మూడో రకం ఇంత ప్రమాదకరమైనది గదా, అసలు ఎందుకు ఉంచారు? ఇది న్యాయమైన ప్రశ్నే.

సీ అనే కంప్యూటరు భాషను 1970 దశకం మొదట్లో అమెరికాలోని బెల్ లాబరేటరీస్ లో డెన్నిస్ రిచీ రూపొందించాడు. ఆనాటి కంప్యూటర్లు చాలా చిన్నవి, నెమ్మదైనవి. పైగా ఒక్కొక్క కంపెనీ యంత్రం ఒక్కొక్క రకంగా పనిచేసేది. 1989లో ఈ భాషకు ప్రమాణం రాసినవారు ఒక నిర్ణయం చేశారు. ప్రతి ఫంక్షనూ ప్రతిసారీ ఆర్గ్యుమెంటును పరీక్షించాలంటే కాలం ఖర్చవుతుంది. సరైన విలువలే పంపే జాగ్రత్తపరుడు కూడా ఆ ఖర్చు భరించవలసి వస్తుంది. అందుచేత చెల్లని విలువ వస్తే ఏమి జరగాలో, ప్రత్యేకంగా చెప్పినచోట తప్ప, తాము చెప్పబోమన్నారు. జాగ్రత్త పిలిచేవారి వంతు.

ఈనాటికీ కంప్యూటర్లను నడిపే మూల ప్రోగ్రాముల్లో సీ, దాని సంతతి భాషలు విస్తారంగా ఉన్నాయి. అందుచేత ఆ పాత నిర్ణయం మీ చేతిలోని ఫోనుదాకా వస్తుంది.

'ఆదోని'కి ఎన్ని గడులు కావాలి?

కంప్యూటరు జ్ఞాపకంలో సమాచారం వరుసగా గడుల్లో ఉంటుంది. ఒక గడిని బైటు అంటారు. ఒక బైటులో 0 నుంచి 255 వరకు ఒక సంఖ్య పడుతుంది. ఇంగ్లీషు అక్షరం ఒకటి ఒక బైటులో ఇముడుతుంది. ఆదోని పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే 5 అక్షరాలు, 5 బైట్లు. సీ భాషలో పదం ముగిసిందని తెలపడానికి చివర ఒక సున్న బైటు పెడతారు. మొత్తం 6.

ఇక తెలుగులో చూద్దాం. యూనికోడ్ అనే ప్రపంచ ప్రమాణంలో ప్రతి లిపి గుర్తుకూ ఒక సంకేత సంఖ్య ఉంది. 'ఆదోని' కంటికి మూడు అక్షరాలే. కాని యూనికోడ్ లెక్కలో ఆ, ద, ఓత్వం, న, గుడి అని 5 గుర్తులు. ఆ సంఖ్యలను బైట్లుగా మార్చే పద్ధతుల్లో నేడు ఎక్కువగా వాడేది యూటీఎఫ్ 8. దీన్ని 1992లో కెన్ థామ్సన్, రాబ్ పైక్ రూపొందించారు. ఈ పద్ధతిలో ప్రతి తెలుగు గుర్తుకూ 3 బైట్లు.

'ఆ' సంకేత సంఖ్య 3078. దాన్ని 64తో భాగిస్తే భాగఫలం 48, శేషం 6. తెలుగు గుర్తులన్నిటికీ మొదటి బైటు 224. రెండోది భాగఫలానికి 128 కలిపితే వచ్చేది, అంటే 176. మూడోది శేషానికి 128 కలిపితే వచ్చేది, అంటే 134. కనుక 'ఆ' అంటే 224, 176, 134 అనే మూడు బైట్లు.

అయితే 'ఆదోని' పొడవెంత? చూసే కంటికి 3. యూనికోడ్ కు 5. బైట్లు లెక్కించే లైబ్రరీ ఫంక్షనుకు 15. మూడు జవాబులూ సరైనవే. ఏది అడిగామో మనకు తెలిసి ఉండాలి.

ఇప్పుడు ఒక ప్రోగ్రాము రాసినతను ఊరిపేరుకోసం 10 బైట్ల స్థలం కేటాయించాడనుకోండి. ఇంగ్లీషు అక్షరాల ఆదోని అందులో హాయిగా పట్టింది. తర్వాత ఎవరో తెలుగులో 'ఆదోని' అని టైపు చేశారు. చివరి సున్నతో కలిపి 16 బైట్లు కావాలి. పదాన్ని నకలుచేసే పాత సీ ఫంక్షను గమ్యస్థానంలో చోటుందో లేదో చూడదు. చూడనని ఒప్పందంలోనే ఉంది. అది 16 బైట్లనూ రాసేస్తుంది. చివరి 6 బైట్లు పక్క గడుల్లో పడతాయి.

మార్కెట్ యార్డులో రైతుల పత్తి రాశులు పక్కపక్కనే ఉంటాయి. పది బోరాలకు సరిపడే చోట పదహారు బోరాలు కుమ్మరిస్తే పత్తి పక్కవారి రాశిలోకి జారుతుంది. పక్కన ఖాళీగా ఉంటే నష్టం లేదు. అక్కడ మరొక రైతు రాశి ఉంటే ఎవరిది ఎంతో తెలియకుండా పోతుంది. కంప్యూటరులోనూ అంతే. పక్క గడులు ఖాళీ అయితే ఏమీ కాదు. అక్కడ ఒక రైతు ఖాతా సంఖ్య ఉంటే అది మారిపోతుంది. కార్యక్రమం తర్వాత ఏ ఆజ్ఞకు వెళ్ళాలో చెప్పే చిరునామా ఉంటే ప్రోగ్రాము ఎక్కడికో దూకుతుంది. కంప్యూటర్లలోకి దొంగతనంగా చొరబడేవారు ఎన్నో ఏళ్ళుగా వాడుకుంటున్న దారి ఇదే.

'ఎమ్మిగనూరు'కు ఎన్ని గడులు కావాలో మీరే లెక్కించండి. జవాబు చివర ఉంది.

ఇది అక్షరమా, కాదా?

సీ లైబ్రరీలో ఒక చిన్న ఫంక్షను ఉంది. ఒక బైటు ఇస్తే అది అక్షరమా, కాదా అని చెబుతుంది. దాని ప్రదేశం 0 నుంచి 255 వరకు ఉన్న సంఖ్యలు. 'ఇక సమాచారం లేదు' అని తెలిపే ప్రత్యేక గుర్తు ఒక్కటి కూడా చెల్లుతుంది. మరేదీ చెల్లదు.

ఇందులో ప్రమాదం ఏముంది? చాలా కంప్యూటర్లలో సీ భాష ఒక బైటును 0 నుంచి 255 వరకు కాక, −128 నుంచి 127 వరకు చదువుతుంది. ఇంగ్లీషు అక్షరాలన్నీ 127 లోపే ఉన్నాయి గనుక వాటికి ఏ తేడా లేదు. కాని మన 'ఆ'లోని 224ను అది 256 తగ్గించి −32గా చదువుతుంది. 176ను −80గా, 134ను −122గా చదువుతుంది. ఇవన్నీ ప్రదేశానికి బయటి విలువలు!

లోపల ఏమి జరుగుతుందో చూడండి. ఈ ఫంక్షను సాధారణంగా 256 గడుల పట్టిక ఒకటి పెట్టుకుని, ఇచ్చిన సంఖ్య గల గడిని చూసి జవాబు చెబుతుంది. −32వ గడి ఎక్కడ ఉంటుంది? పట్టిక మొదలుకు 32 గడుల ముందు. అక్కడ ఏముందో ఎవరికి తెలుసు? కొన్ని లైబ్రరీలు రాసినవారు ఇటువంటి పొరపాట్లు జరుగుతాయని ఊహించి, పట్టికకు ముందు కూడా అదనపు గడులు కట్టి పెట్టారు. కొన్నిటిలో ఆ ఏర్పాటు లేదు. అందుచేత ఒకే ప్రోగ్రాము ఒక కంప్యూటరులో చక్కగా నడిచి, మరొకదానిలో కూలిపోతుంది.

ఇంగ్లీషు పదాలతో మాత్రమే పరీక్షించినవారికి ఈ దోషం జన్మలో కనబడదు. తెలుగు పదం ఒక్కటి ఇస్తే మొదటి బైటులోనే బయటపడవచ్చు. ప్రోగ్రాములను మన భాషలో పరీక్షించడం ఎందుకు అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది.

"ఇన్నాళ్ళూ బాగానే నడిచింది గదా!"

చెల్లని విలువ పంపినా ప్రోగ్రాము నడిస్తే దాన్ని సరైనదనుకోవచ్చునా? కూడదు. దానికి ఒక నిజమైన ఉదాహరణ ఉంది.

సీ లైబ్రరీలో 'మెమ్ కాపీ' అనే ఫంక్షను ఒకచోటి బైట్లను మరొకచోటికి నకలు చేస్తుంది. తీసేచోటు, పెట్టేచోటు ఒకదానిమీద ఒకటి పడకూడదన్నది దాని ఒప్పందం. ఎందుకో చూద్దాం. అయిదు గడుల్లో వరుసగా క, చ, ట, త, ప ఉన్నాయి. 2 నుంచి 5 వరకు ఉన్న గడులను 1 నుంచి 4 వరకు గల గడుల్లోకి జరపాలి. ఎడమనుంచి మొదలుపెడితే చ, ట, త, ప, ప అని సరిగ్గా వస్తుంది. కుడినుంచి మొదలుపెడితే ముందు నాలుగో గడిలోకి 'ప' వస్తుంది. తర్వాత నాలుగో గడిలోని 'ప' మూడో గడిలోకి వస్తుంది. చివరకు ప, ప, ప, ప, ప మిగులుతాయి!

ఏవైపునుంచి నకలు చేయాలో ఒప్పందంలో లేదు. చాలాకాలం లినక్సు లైబ్రరీ ఎడమనుంచే చేసేది. 2010లో కొత్త ప్రాసెసర్లమీద వేగం పెంచడంకోసం కుడినుంచి కూడా చేసే పద్ధతి ప్రవేశపెట్టారు. ఆ ఏడాది నవంబరులో విడుదలైన ఫెడోరా 14 వాడినవారికి వెబ్ సైట్లలో పాటలు, వీడియోల ధ్వని గరగరమనసాగింది. ధ్వనిని వినిపించే ఫ్లాష్ ప్లేయరు, ఒకదానిమీద ఒకటి పడే చోట్లను మెమ్ కాపీకి ఇస్తూ వచ్చిందని తేలింది. ఏళ్ళ తరబడి అది అదృష్టంకొద్దీ నడిచింది. లైబ్రరీ తన మాట తప్పలేదు. అయినా దోషం బయటపడింది. అతిపాతం ఉన్న చోట్లకోసం 'మెమ్ మూవ్' అనే వేరే ఫంక్షను ఆ లైబ్రరీలోనే ఉంది. దాన్ని వాడి ఉంటే సరిపోయేది.

ఐఫోన్లను ఆపిన గుర్తుల వరుస

ఇప్పుడు 2018 ఫిబ్రవరి సంగతికి వద్దాం. ఆ నెల మధ్యలో ఒక వింత వార్త ప్రపంచమంతా పాకింది. ఒక తెలుగు అక్షరం ఉన్న సందేశం వస్తే చాలు, ఐఫోనులో ఆ సందేశాన్ని చూపే యాపు కూలిపోతున్నది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ కూలిపోతున్నది. సందేశం వచ్చిందని తెలిపే చిన్న ప్రకటనలో ఆ అక్షరం కనబడితే ఫోను ముఖపత్రమే నిలబడలేకపోయింది. ఆకతాయిలు ఆ వరుసను ఇతరులకు పంపి వినోదించారు. పత్రికలు "తెలుగు అక్షరం ఫోన్లను చంపుతున్నది" అన్నట్లు రాశాయి.

ఆ వరుసలో ఐదు గుర్తులున్నాయి. జ, సంకేత సంఖ్య 3100. పొల్లు, 3149. ఞ, 3102. కంటికి కనబడని ఒక గుర్తు, 8204. దీర్ఘం, 3134. జ్ఞానం అనే మాటలోని మొదటి అక్షరం, మధ్యలో ఒక కనబడని గుర్తుతో. ఆ కనబడని గుర్తు లేకుండా మామూలుగా 'జ్ఞా' అని రాస్తే ఏ హానీ లేదు.

ఏమిటా కనబడని గుర్తు? 'రాజ్‌కుమార్' అని రాసినప్పుడు 'జ్' కింద 'క' ఒత్తుగా చేరకుండా విడిగా నిలవాలి. అందుకోసం మధ్యలో వెడల్పు లేని ఒక గుర్తును పెడతారు. అది తెరమీద చోటు తీసుకోదు. పక్క అక్షరాలు కలవకుండా ఆపుతుంది. తెలుగు టైపు చేసేవారు దాన్ని రోజూ వాడతారు. అది తప్పు గుర్తు కాదు. కాని ఒత్తుకూ దీర్ఘానికీ మధ్య రావడం అరుదు. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ ఇటువంటి కొన్ని వరుసలు ఇదే పని చేస్తాయని పరిశీలకులు కనుగొన్నారు.

ఫోనులో అక్షరాలను తీర్చి గీసే పని 'కోర్ టెక్స్ట్' అనే లైబ్రరీది. అపురూపమైన ఈ వరుస వచ్చేసరికి అది జ్ఞాపకంలో తనది కాని చోటును పాడుచేసింది. మన రాశుల ఉదాహరణ గుర్తుందా? అదే. 2018 ఫిబ్రవరి 19న ఆపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6 అనే సవరణ విడుదల చేసింది. లోపలికి వచ్చే సమాచారాన్ని మరింత బాగా పరీక్షించడం ద్వారా దోషాన్ని సరిచేశామని తన ప్రకటనలో చెప్పింది.

బాధ్యత ఎవరిది?

ఇక్కడ ఆగి ఆలోచించండి. మెమ్ కాపీ విషయంలో తప్పు పిలిచినవారిదన్నాం. ఐఫోను విషయంలోనూ అలాగే అనవచ్చునా? "అటువంటి వరుస పంపడం మీదే తప్పు" అని వాడుకరితో అనవచ్చునా?

అనకూడదు. రెంటికీ తేడా ఉంది. మెమ్ కాపీని పిలిచేది మరొక ప్రోగ్రాము రాసినవారు. వారు ఒప్పందం చదివి ఉండాలి. సందేశం పంపేవారు ప్రజలు. వారు ఏ ఒప్పందమూ చదవలేదు, చదవనక్కరలేదు. అక్షరాలను గీసే లైబ్రరీ లోకంలోని ఏ వరుసనైనా పుచ్చుకోవడానికే ఉన్నది. అర్థంకాని వరుస వస్తే ఒక ఖాళీ డబ్బా గీయవచ్చు. కూలిపోకూడదు. ఆ వరుస లైబ్రరీ ప్రదేశంలోనిదే. లైబ్రరీయే తన మాట తప్పింది. తెలుగు అక్షరంలో ఏ దోషమూ లేదు.

దీన్నిబట్టి మూడు సూత్రాలు చెప్పుకోవచ్చు.

1. గుమ్మం దగ్గర పరీక్షించాలి. బయటినుంచి వచ్చే ప్రతి విలువనూ, అది మనిషి టైపు చేసినదైనా, మరొక ఫోనునుంచి వచ్చినదైనా, లోపలికి రానిచ్చేముందే చూడాలి. జిన్నింగు యంత్రంలో వేయకముందే పత్తిలోని రాళ్ళు, ఇనుము ఏరివేయడంవంటిదే ఇది.

2. పరీక్ష ముందు జరగాలి, తర్వాత కాదు. విలువను ఫంక్షనుకు పంపేసి ఆ తర్వాత "ఇది సరైనదేనా?" అని చూడటం వ్యర్థం. పైగా ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలరు చెల్లని విలువలు రానే రావని నమ్మి పనిచేస్తుంది. "ముందే పంపారంటే అది సరైనదే అయి ఉండాలి" అని తీర్మానించి, తర్వాత రాసిన పరీక్షను తీసివేయవచ్చు కూడా.

3. నడిచినదానికీ సరైనదానికీ తేడా తెలుసుకోవాలి. హద్దులమీద పరీక్షించాలి. సున్న, ఒకటి, రుణసంఖ్య, ఖాళీ పదం, మిక్కిలి పొడవైన పదం, తెలుగు పదం, ఇవన్నీ ఇచ్చి చూడాలి. సులభమైన విలువలు ఇచ్చి "నడిచింది" అని సంతోషించరాదు.

ఒక కొత్త పరిణామం కూడా చెప్పుకోవాలి. హద్దు దాటితే వెంటనే ఆగిపోయేట్లు, లేదా హద్దు దాటడానికే వీల్లేకుండా ఉండేట్లు రూపొందించిన భాషలు ఇప్పుడు వాడుకలో పెరుగుతున్నాయి. పైథాన్, జావా, రస్ట్ అటువంటివి. అయితే ఏ భాష వచ్చినా "నేను ఏ విలువలను పుచ్చుకుంటాను?" అనే ప్రశ్నకు జవాబు రాసిపెట్టవలసింది మనిషే. ప్రమేయానికి ప్రదేశం చెప్పనిదే నిర్వచనం పూర్తి కాదని గణితం నేర్పిన పాఠం ఇది.

మీరే చేసి చూడండి

1. మీ దగ్గరున్న కాలిక్యులేటరులోను, ఫోనులోని కాలిక్యులేటరులోను 5ను సున్నతో భాగించండి. −9కి వర్గమూలం అడగండి. రెండూ ఒకే విధంగా జవాబు చెప్పాయా? పైన చెప్పిన మూడు రకాల్లో ఏ రకం?

2. 'ఎమ్మిగనూరు'లో యూనికోడ్ గుర్తులెన్ని? చివరి సున్నతో కలిపి ఎన్ని బైట్లు కావాలి?

3. 'జ' సంకేత సంఖ్య 3100. దాని మూడు బైట్లు కనుక్కోండి.

4. క, చ, ట, త, ప ఉన్న అయిదు గడుల్లో 1 నుంచి 4 వరకు ఉన్నవాటిని 2 నుంచి 5 వరకు జరపండి. ఈసారి ఏవైపునుంచి మొదలుపెట్టాలి? వ్యతిరేక దిశనుంచి చేస్తే ఏమి వస్తుంది?

5. మీ ఊరి పేరు తెలుగులో రాసి దాని పొడవును మూడు విధాలుగా చెప్పండి.

జవాబులు

2. ఎ, మ, పొల్లు, మ, గుడి, గ, న, ఊత్వం, ర, ఉత్వం మొత్తం 10 గుర్తులు. 30 బైట్లు, చివరి సున్నతో 31. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే 11 చాలు.

3. 3100ను 64తో భాగిస్తే భాగఫలం 48, శేషం 28. కనుక 224, 176, 156.

4. కుడినుంచి మొదలుపెట్టాలి. అప్పుడు క, క, చ, ట, త వస్తాయి. ఎడమనుంచి చేస్తే అయిదు గడుల్లోనూ 'క' ఒక్కటే మిగులుతుంది.